తవుడు బేరం

యశోదకు కింద చూసి నడిచే అలవాటు. సిగ్గుతో కాదు, రోడ్డు మీద ఏం పడి ఉందో చూద్దామని. నందికొట్కూరులో ఆమె ఉండే వీధిలో ఎవరికి ఏది పోయినా ముందు ఇల్లంతా వెతుక్కుంటారు, తర్వాత పిల్లల వీపు మీద ఒకటేస్తారు, ఆఖరికి యశోద వాకిట్లోకి వస్తారు. అక్కడ వరండా గోడకు వరసగా మేకులుంటాయి. వాటికి ఒంటి పట్టీలు, బైకు తాళాలు, జడ క్లిప్పులు, బడి పిల్లల మెడ కార్డులు, జత పోయిన చెప్పులు వేలాడుతుంటాయి. ఏది దొరికినా తెచ్చి, కడిగి, ఆరబెట్టి తగిలిస్తుంది. ఏరేటప్పుడు ఆమె నోట ఒకటే మాట. "ఎవురిదో పాపం, అడిగితే ఇచ్చేద్దాం." ఎవరూ అడగనివి కొన్నాళ్లకు లోపలి గదిలో రేకు పెట్టెలోకి పోతాయి.

ఆమె మొగుడు ఓబులేష్ లారీలో నాపరాళ్లు వేసుకొని ఊర్లు తిరిగే మనిషి. ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఉన్నప్పుడు ఆ గోడను చూసి ఊరుకోడు.

"ఇది ఇల్లా, పోలీస్ స్టేషనా? రేపు నేను తప్పిపోయినా ఈడికే తెచ్చి మేకుకు తగిలిస్తారు."

"నిన్నెవురు ఏరుకుంటార్లే," అనేది యశోద నవ్వుతూ.

అంత నవ్వుకునే ఇంట్లో ఒక్క మాట మాత్రం ఎత్తరు. పెళ్లయి చాలా ఏళ్లయింది. కర్నూలు ఆసుపత్రులన్నీ తిరిగారు, మొక్కని దేవుడు లేడు. పిల్లలు కలగలేదు. వాళ్లిద్దరూ దాని గురించి ఏడవడం మానేసి కూడా చాలా కాలమైంది.

రెండిళ్ల అవతల గిడ్డమ్మ ఇల్లు. కొడుకు నాగార్జున విత్తనాల అంగట్లో పని చేస్తాడు. కోడలు సుజన డిగ్రీ చదివింది, నెమ్మదస్తురాలు. ఆ పిల్లకు కడుపులు నిలిచాయి కానీ బిడ్డలు నిలవలేదు. ముగ్గురు పుట్టి, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. డాక్టర్లు ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పారు. పోయిన బిడ్డ వస్తువు ఇంట్లో ఉండకూడదని గిడ్డమ్మ ప్రతిసారీ పాత బట్టలో అన్నీ మూటగట్టి, వీధి చివర దిబ్బ మీద పారేసి వెనక్కి చూడకుండా వచ్చేది. ఆ దిబ్బ మున్సిపాలిటీ ట్రాక్టరు కూడా ఎత్తని చెత్త. దాని అవతల ఇక ఇళ్లు లేవు, నల్లరేగడి చేలే.

ఆ మూటలు యశోద విప్పింది. మూడుసార్లూ.

మొదటిసారి అందులోంచి ఊలు కుళ్లాయి తెచ్చుకుంది. రెండోసారి ఒక గిలక. మూడోసారి ఉగ్గుగిన్నె. కుక్కలు ఈడుస్తుంటే చూడలేక తెచ్చానని తనకు తానే చెప్పుకుంది. కానీ కడిగి గోడకు తగిలించలేదు. నేరుగా పెట్టెలో, పెళ్లి చీర కింద పెట్టింది. ఓబులేష్ లేని రోజుల్లో తీసి ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. అడగడానికి ఎవరూ రారని తెలుసు. రాకూడదనే కోరుకుంది కూడా.

మొన్న ఎండాకాలంలో సుజనకు నాలుగో కాన్పు అయింది. మగబిడ్డ. ఆసుపత్రి నుంచి తెచ్చిన మరునాడే గిడ్డమ్మ వచ్చి యశోద గడపలో కూర్చుంది.

"యశోదా, నీతో ఒక పని ఉండాది. కాదనాకు."

"చెప్పత్తా."

"ఈ బిడ్డన్నా దక్కల్ల. చాటలో ఏసి దిబ్బ మీద పారేస్తాం. నువ్వు ఏరుకో. మళ్లా నీకు తవుడిచ్చి మేము కొనుక్కుంటాం. పారేసిన బిడ్డ మీద ఎవురి కన్నూ పడదు. మా నాయన అట్లా కొనుక్కున్న బిడ్డే. దిబ్బన్న అని పేరు పెట్టినారు, తొంభై ఏండ్లు బతికినాడు."

"నేనే ఎందుకత్తా?"

"ఊర్లో పడిపోయినవన్నీ నీకే గదా దొరికేది. అడిగినోళ్లకు మళ్లా ఇచ్చేస్తావు. నీ చెయ్యి మంచిది."

ఆ మాటకు యశోద చూపు లోపలి గది వైపు పోయింది. వెంటనే తిప్పుకుంది. కానీ కాదనలేదు. బిడ్డను ఎత్తుకోవచ్చు గదా అనే ఆశ ముందు మిగతావన్నీ వెనక్కి పోయాయి.

ఎవరూ చూడకూడదు కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎంచుకున్నారు. ఆ ఎండకు వీధిలో కుక్క కూడా తిరగదు. సుజన చాటను రెండు చేతులతో పట్టుకొని వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నాకు ఇవన్నీ నమ్మకం ల్యాదక్కా," అంది. "అయినా చేస్తా. ఏమన్నా చేస్తా."

చాటను దిబ్బ మీద దించి, "నాకొద్దు" అనాలి. ఆ పిల్లకు నోరు రాలేదు. గిడ్డమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు అంది. అని, చెంగు నోట్లో కుక్కుకొని వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయింది. గిడ్డమ్మ కూడా వెళ్లింది.

దిబ్బ దగ్గర యశోద ఒక్కతే మిగిలింది. వేడిగాలికి ప్లాస్టిక్ సంచులు చప్పుడు చేస్తున్నాయి. కుళ్లిన ఉల్లిగడ్డల వాసన. చాటలో బిడ్డ ఏడవకుండా ఆమెనే చూస్తున్నాడు. అంత చిన్న బిడ్డకు చూపు నిలవదంటారు. కానీ ఆమెకు తననే చూస్తున్నట్టు అనిపించింది. వంగి ఎత్తుకుంది. ఏది ఏరినా నోటికొచ్చే మాట ఆ రోజు రాలేదు. "నాకు దొరికినావు," అంది.

అక్కడి నుంచి నేరుగా గిడ్డమ్మ గడపకు పోవాలి. పోలేదు. ఎండ ఎక్కువగా ఉంది, బిడ్డకు వడదెబ్బ తగులుతుందని సాకు పెట్టుకొని తన ఇంట్లోకి పోయింది. చల్లటి నాపబండ మీద గోడకానుకొని కూర్చుంది. బిడ్డ ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు. ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకే తెలియదు. మనసులో మాత్రం ఒక మాట అనుకుంది. ఒకసారి కాదు, చాలాసార్లు. నాది, నాది అని.

తర్వాత లేచి గిడ్డమ్మ గడప ముందు నిలబడి అడిగింది. "దిబ్బ మీద దొరికిన బిడ్డను అమ్ముతాండా. కొంటారా?"

"కొంటాం," అన్నారు అత్తాకోడళ్లు ఒకేసారి. సుజన బిడ్డను లాక్కున్నట్టే తీసుకుంది. గిడ్డమ్మ గిన్నెలో తవుడు, పైన ఒక బెల్లం ముక్క పెట్టి ఇచ్చింది.

"ఇంటికి పోయి ఒక పిడికెడన్నా నువ్వే తినల్ల. అమ్మినోళ్లు తింటేనే బేరం తెగినట్టు. తినకుంటే బిడ్డ నీ బిడ్డే."

"తింటా లేత్తా."

ఇంటికి వచ్చి గిన్నె ముందు పెట్టుకుంది. పిడికిట్లోకి తీసుకొని నోటి దాకా తెచ్చింది. ఆగింది. మనుషులు తవుడు తింటారా, ఇదంతా ముసలమ్మల చాదస్తం, అనుకుంది. పెరట్లోకి పోయి కోళ్లకు చల్లేసింది. బెల్లం ముక్క చీమలకు వదిలేసింది. చల్లుతున్నంతసేపూ ఏం చేస్తున్నదీ ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

ఆ సాయంత్రం నుంచే బిడ్డ తల్లి పాలు ముట్టలేదు.

సుజన రొమ్ము నోట్లో పెడితే మొహం తిప్పుకునేవాడు. డబ్బా పాలు పట్టిస్తే కక్కేవాడు. డాక్టరమ్మ చూసి, బిడ్డలో ఏ లోపమూ కనిపించడం లేదంది. రోజురోజుకూ బుగ్గలు లోపలికి పోతున్నాయి. ఏడుపు పల్చబడి మూలుగుగా మారింది. యశోద ఆ ఇంట్లో అడుగు పెడితే మాత్రం ఏడుపు ఆపి, తల ఆమె వైపు తిప్పేవాడు. ఆమె ఒళ్లోకి తీసుకుంటే చెమ్చాతో పోసిన నాలుగు చుక్కలు మింగేవాడు. ఆ నాలుగు చుక్కలతోనే బతుకుతున్నాడు.

"నీకు బాగా మాలిమి అయినాడక్కా," అంది సుజన. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. అది విని యశోదకు లోపల ఏదో పొంగింది, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. బిడ్డ ఎండిపోతున్నాడు, తనకేమో సంతోషంగా ఉంది.

గిడ్డమ్మ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది.

"తవుడు తిన్యావు గదా?"

"తిన్నా అత్తా."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసి లోపలికి పోయింది.

మరునాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. యశోద తలుపు గడియ పెట్టుకొని ముందు గదిలో చాప మీద పడుకుంది. వీధిలో అలికిడి లేదు. దూరంగా ఒక ఆటో చప్పుడు వచ్చి పోయింది. కళ్లు మూతలు పడుతుండగా ఆముదం వాసన తగిలింది. దాని వెంటే సాంబ్రాణి పొగ వాసన. నీళ్లు పోసిన పసిబిడ్డల వాసన. సుజన ఇంటి నుంచి గాలికి వస్తోందేమో అనుకుంది. కానీ గాలి లేదు.

లోపలి గదిలో గిలక ఒకసారి కదిలింది.

ఎలుక అనుకుంది. మళ్లీ కదిలింది... ఈసారి ఆగకుండా. పెట్టెలో, మడత పెట్టిన చీర కింద, బరువు మధ్య ఉన్న గిలక అంత చప్పుడు చేయదు. ఎవరో చేత్తో పట్టుకొని ఆడిస్తున్నట్టే ఉంది. లేవాలనుకుంది. తల మాత్రం తిప్పి చూసింది.

నల్లటి బండల మీద తడి అడుగులు.

లోపలి గది గడప దాటి చాప దాకా వచ్చాయి. చిన్న పాదాలు. కొన్ని మరీ చిన్నవి, పక్కనే అరచేతుల గుర్తులు, పాకే బిడ్డవి. కొన్ని తప్పటడుగులు. కొన్ని నిలకడగా నడిచేవి. మూడు రకాల పాదాలు... చాప చుట్టూ.

నెల కూడా నిండని బిడ్డలు పాకరు, నడవరు. ఆమెకు అప్పుడు అర్థమైంది. వాళ్లు తన ఇంట్లో పెరిగారు. ఇన్నాళ్లూ... ఆ పెట్టెలో... తన చేతి కింద.

చెవి పక్కన ఊపిరి తగిలింది. చల్లగా.

"అమ్మా..."

ఆమె చాప అంచు గట్టిగా పట్టుకుంది.

"అమ్మా... తమ్ముడు యాడ?"

"ఈ... ఈడ ల్యాడు," అంది. ఎందుకు జవాబిచ్చిందో ఆమెకు తెలియదు. బిడ్డ అడిగితే చెప్పినట్టు చెప్పేసింది.

గిలక ఆగిపోయింది. తర్వాత అదే గుసగుస, సంతోషంగా.

"పిల్చుకొస్తాం."

తడి అడుగులు తలుపు వైపు కదిలాయి. నడిచేవాళ్లు కనిపించకుండా... ఒకటి తర్వాత ఒకటి బండ మీద పడుతూ. గడియ పెట్టిన తలుపు దాకా పోయి, దాని కింద ఆగకుండా అవతలికి పోయాయి.

రెండిళ్ల అవతల బిడ్డ ఏడుపు వినపడింది. సగంలో తెగిపోయింది.

యశోద చెప్పుల్లేకుండా పరుగెత్తింది. కాలే సిమెంటు రోడ్డు ఆమెకు తెలియలేదు. గిడ్డమ్మ ఇంట్లో సుజన బిడ్డను బోర్లా పట్టుకొని వీపు తడుతోంది. బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. చేతులు వేలాడుతున్నాయి. గిడ్డమ్మ ఫోనులో కొడుకుకు అరిచి చెబుతోంది. "ఆటో తీసుకొని రారా! బిడ్డకు ఊపిరాడ్డంల్యా!"

"అత్తా, తవుడు!" అంది యశోద గడపలోనే. "తవుడియ్యి. నేను తినల్యా."

గిడ్డమ్మ ఫోను కింద పడేసింది. వంటింట్లోకి పోయి దోసిలితో తవుడు తెచ్చి ఆమె చేతుల్లో పోసింది. యశోద నిలబడే నోట్లో కుక్కుకుంది. పొడి తవుడు గొంతుకు అడ్డం పడింది. దగ్గొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి. మింగింది. మళ్లీ కుక్కుకుంది.

"అమ్మినా..." అంది. "అమ్మేసినా. నాది కాదు. నా బిడ్డ కాదు. సుజన బిడ్డ."

ఆ మాట పూర్తయ్యాక బిడ్డ ఒక్కసారి ఒళ్లు విదిలించుకున్నాడు. గట్టిగా, ఆసుపత్రిలో పుట్టిన రోజు ఏడ్చినంత గట్టిగా ఏడ్చాడు. సుజన రొమ్ము అందించింది. తల తిప్పుకోలేదు. గుటకల చప్పుడు అందరికీ వినపడింది.

గిడ్డమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. సుజన అరవలేదు, తిట్టలేదు. బిడ్డ తలను చెయ్యి అడ్డం పెట్టి కప్పుకొని చూసింది.

"ఎందుకక్కా? నాకు పోయినోళ్లు ముగ్గురు. నీకు తెల్దా?"

"తప్పయిపాయె సుజనా. నా మనసు మంచిది కాదు. తప్పయిపాయె." యశోద నేల మీద కూలబడి ఏడ్చింది. పెదాల చుట్టూ తవుడు అంటుకొని ఉంది. తుడుచుకోవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

గిడ్డమ్మ గొంతు సవరించుకుంది. "మే యశోదా. నిజం చెప్పు. దిబ్బ మీద మేం పారేసినవి ఇంకేమన్నా నీ దగ్గర ఉండాయా? ఆ పోయిన బిడ్డలవి? ఉంటే ఇప్పుడే తెచ్చియ్యి. వాటికి కూడా తవుడిచ్చి కొనేసి, కాల్చేస్తాం."

చెప్పేయాలి. నోటి దాకా వచ్చింది. కాల్చేస్తాం అన్న మాట దగ్గర ఆగిపోయింది. అమ్మా అని పిలిచిన గొంతు ఇంకా చెవిలోనే ఉంది. వాళ్లు ఈ ఇంటికి తిరిగొస్తే ఈ బిడ్డకు మంచిది కాదు గదా, అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు.

"లేవత్తా. ఏమీ లేవు."

ఇంటికి పోయి లోపలి గదిలో పెట్టె ముందు కూర్చుంది. మూత తెరవలేదు. మూత మీద చెయ్యి పెట్టి, మెల్లగా చెప్పింది.

"మీకు తమ్ముడు ల్యాడు. నేను అమ్మేసినా. ఆ ఇంటికి పోవద్దండి నాయనా. మీరు ఈడనే ఉండండి. నా దగ్గరనే."

పెట్టెలోంచి ఏ చప్పుడూ రాలేదు.

బిడ్డ కోలుకున్నాడు. బుగ్గలు వచ్చాయి. పేరు పెట్టే రోజు కాగితాల మీదికి మంచి పేరు ఏదో రాయించి, పిలవడానికి దిబ్బన్న అన్నారు. యశోదను పిలిచారు గానీ బిడ్డను ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమె అడగలేదు. మూలన కూర్చొని అన్నం తిని వచ్చింది. రోడ్డు మీద ఏం కనిపించినా వంగడం మానేసింది. ఫోనులో ఓబులేష్ "ఏమ్మే, గొంతు అట్లుండాది?" అంటే ఎండ అని చెప్పింది. ఇంత జరిగినా సుజన వీధిలో ఎదురైతే పలకరిస్తూనే ఉంది. యశోదను ఎక్కువ బాధపెట్టింది అదే.

వానలు ఇంకా పడలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, ముందు గదిలో గోడకానుకొని కూర్చుంది. రవిక ముందు భాగం తడిగా తగిలింది. చెమట అనుకొని చెంగుతో ఒత్తుకుంది. చెంగు జిగురుగా ఉంది. చూసింది.

పాలు.

ఒక్క కాన్పు కూడా ఎరగని ఒళ్లు ఆమెది. రెండు వైపులా రవిక తడిసిపోయి నడుము దాకా కారుతోంది. అరిస్తే రెండిళ్ల అవతలికి వినపడుతుంది. అరవలేదు. లేచి తలుపు గడియ వేసి, మళ్లీ వచ్చి అదే చోట కూర్చుంది. కళ్లు మూసుకుంది. భయపడుతూనే రవిక ముడి విప్పింది.

ఒళ్లో బరువు చేరింది. చల్లగా, బండ తగిలినట్టు. రెండోది మోకాలి మీద నుంచి పాకింది. అదీ చల్లగానే ఉంది. మూడోది మెడ చుట్టూ చేతులు వేసింది. పళ్లు లేని నోరు తగిలింది... పళ్లున్న నోరు కూడా. నొప్పికి పెదవి కొరుక్కుంది. ఏడుస్తూనే, చెయ్యి అందిన చోటల్లా నిమిరింది.

అప్పుడు ఇంకొకటి ఒళ్లోకి వచ్చింది.

అన్నిటికన్నా చిన్నది. అది చల్లగా లేదు. వెచ్చగా ఉంది. గుండె గబగబా కొట్టుకుంటోంది. బుజ్జి వేళ్లు వెతికి వెతికి ఆమె చూపుడువేలు పట్టుకున్నాయి.

బయట పరుగున వచ్చి ఎవరో తలుపు కొట్టారు.

"అక్కా..." సుజన గొంతు. రొప్పుతోంది. "అక్కా, బిడ్డ ఉయ్యాలలో ల్యాడు. ఈడికేమన్నా ఎత్తుకొచ్చినావా?"

యశోద కళ్లు తెరవలేదు. లేదు అని చెప్పడానికి నోరు తెరిచింది. ఒళ్లో గుటక పడిన చప్పుడు వినపడింది.

"అక్కా... తలుపు తియ్యక్కా."